కోస కొలువు దిగిన సాయంత్రం

కోస చనిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు. కోసకి మాత్రం తెలియలేదన్న విషయం బయటపడడానికి వానలు తెరిపి ఇచ్చేదాకా పట్టింది.

మద్దేడ్ దాటాక పెద్ద రోడ్డు దిగి అడవి వైపు మళ్లితే వచ్చే ఊళ్లలో వాళ్లదొకటి. ఊరికి ఒక చివర దోర్ల తెగవాళ్ల ఇళ్లు, రెండో చివర దొరల గడీ. మధ్యలో ఒక వాగు, ఒక బోరింగు, సెల్ టవరు వస్తుందని నమ్మి ఎవరో పోసిన సిమెంటు దిమ్మె. టవరు రాలేదు కాబట్టి దిమ్మె మీద మిరపకాయలు ఎండబోసుకుంటారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఆ గడీ కిందే ఉండేది. ఆ జమీందారీలో మనుషుల కంటే పులులు ఎక్కువ, పులుల కంటే బిరుదులు ఎక్కువ. కాలక్రమాన పులులు పోయాయి. మనుషులు పెరిగారు. బిరుదులు మాత్రం హాల్లో చట్రాలు కట్టించుకుని గోడనే ఉన్నాయి.

ఆ గోడలకే వెండి చేతులు కూడా ఉన్నాయి.

వెనకటి దొర ఒకాయన జగదల్‌పూర్లో ఒక తెల్లదొర బంగళాకి విందుకు వెళ్లాడట. అక్కడ గోడలకి కొట్టిన ఇత్తడి దీపపు కొమ్మలు చూశాడు. భోజనం సయించలేదు. తన గోడలకీ అటువంటివే ఉండాలి, ఇత్తడివైతే మర్యాద తక్కువ కాబట్టి వెండివి ఉండాలి అని, ఓడ మీద తెప్పించాడు. వచ్చినవి కొమ్మలు కావు, చేతులు. గోడకి తాపిన ఒక నున్నటి వెండి పలక, అందులోంచి మోచేతి దాకా బయటికొచ్చిన ఒక చెయ్యి, ఆ పిడికిట్లో కొవ్వొత్తి గుచ్చే గిన్నె. అన్నీ కుడిచేతులే. గోళ్లు, కణుపులు, మణికట్టు మీద నరం కూడా చెక్కాడు ఆ కంసాలి. అంత పనితనం అక్కర్లేదని అతనికి చెప్పినవాళ్లు లేరు. హాల్లో కూర్చుంటే గోడ లోపల కొందరు నిలబడి, చేతులు మాత్రం బయటికి చాపినట్టు ఉండేది. అతిథులు తొందరగా తిని లేచేవారు. దానివల్ల ఆ ఇంట్లో విందులకి ఖర్చు తక్కువని కూడా చెప్పుకునేవారు.

కోస ఆ చేతులకి చేతులు. ఉద్యోగం పేరు మశాల్చీ, అంటే దీపాలవాడు. అతని తండ్రి దొరల పల్లకి ముందు కాగడా పట్టి పరుగెత్తాడు. పల్లకి పోయి జీపు వచ్చాక దాని ముందు పరుగెత్తడం కష్టమని కోసని హాల్లోకి మార్చారు. కరెంటు వచ్చిన రోజునే ఆ పదవి రద్దు కావలసింది. కాని ఆ కరెంటుకి ఉండే అలవాటు కంటే పోయే అలవాటు ఎక్కువ. పైగా రద్దు చెయ్యాలంటే ఆ పదవి ఒకటుందని ఎవరికైనా గుర్తుండాలి. అందుచేత కోస కొలువు నిరాటంకంగా సాగింది. అడవి నుంచి తేనెమైనం తెచ్చి కరిగించి వత్తులు పోసేవాడు. పోసినప్పుడల్లా, కిందటిసారి కారి గడ్డకట్టిన మైనాన్ని, పాలకి తోడు వేసినట్టు, కొంచెం కలిపేవాడు. ఎందుకని అడిగితే, "పాతది లేకుంటే కొత్తదానికి ఎట్ల వెలగాల్నో తెల్వదు" అనేవాడు. అలా కలుపుతూ కలుపుతూ వచ్చారు కాబట్టి, ఏ పెద్ద దొర శవం దగ్గర వెలిగిన మైనమో ఇవాళ్టి వత్తిలోనూ ఎంతో కొంత ఉందన్నమాట. ఆ మాట అతిథులతో అనేవారు కారు.

రోజూ మధ్యాహ్నం కోస పీట వేసుకుని ఎక్కి, వెండి పలక మీద నోటితో హా అని ఊదేవాడు. పలక మసకబారగానే పాత పంచెగుడ్డతో గుండ్రంగా తుడిచేవాడు. ఊదడం, తుడవడం. ఊదడం, తుడవడం. ఆ ఊపిరితో చాలా ఏళ్లు గడిచాయి.

ఇప్పపువ్వు ఏరే రోజులు అయిపోయాక ఒక పొద్దున, గడీ నుంచి ఇంటికొచ్చి, కూతురు పొజ్జే ఇచ్చిన జావ తాగి, చాప మీద పడుకున్నవాడు లేవలేదు. మట్టికి తీసుకుపోయేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి, పిడికిలి పైకెత్తి ఉంది. అల్లుడు సుక్రాం దాన్ని మెల్లిగా కిందికి దించాడు. వదలగానే మళ్లీ లేచింది. గుడ్డతో కట్టారు, ముడి జారింది. ఇక చేసేదిలేక అలాగే తీసుకుపోయారు. దారి పొడవునా ఆ పిడికిలి పాడె మీద నిటారుగా ఉండి, ముందు నడిచేవాళ్లకి దారి చూపిస్తున్నట్టు ఉంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

పొజ్జే ఏడ్చింది, తండ్రి గుర్తుగా రాయి నిలబెట్టింది, కోడి కోసింది, బంధువులకి అన్నం పెట్టింది. అన్నీ సక్రమంగా జరిగాయి. ఇక మిగిలింది చచ్చిపోయినాయన్ని ఇంటికి తెచ్చుకోవడం.

అక్కడివాళ్లలో పోయినవాళ్లని పంపించెయ్యరు. తెచ్చుకుంటారు. ప్రతి ఇంట్లో లోపలి గది మూలన పెద్దల కుండ ఒకటుంటుంది. ఇంట్లో పోయినవాళ్లందరూ అందులోనే ఉంటారు. కొత్త గింజ వస్తే ముందు వాళ్లకి, పెళ్లి కుదిరితే ముందు వాళ్లకి. కొత్తగా పోయినవాళ్లని తీసుకురావడానికి వడ్డెని వెంటబెట్టుకుని వాగు దగ్గరకి వెళతారు. వడ్డె అంటే దేవుళ్లతోనూ పెద్దలతోనూ మాట్లాడే మనిషి. నీళ్ల అంచున ఆకుదొప్ప పెట్టి పేరు పెట్టి పిలిస్తే చేపపిల్లో, ఎండ్రకాయో, పురుగో దానంతట అది దొప్పలోకి వస్తుంది. అదే ఆ మనిషి. ఆకులో చుట్టి ఇంటికి తెచ్చి కుండలో వదిలితే పని పూర్తి. అలా తెచ్చుకోలేకపోతే ఆ మనిషి ఎవరికీ చెందనివాడై తిరుగుతాడు. ఆకలేస్తుంది, పెట్టేవాళ్లుండరు.

కోస కోసం పొద్దుటి నుంచి వాగొడ్డున కూర్చున్నారు. ఊరి వడ్డె మంగల్, కోసతో పాటు పశువులు కాసి పెరిగినవాడు, గొంతు పోయేదాకా పిలిచాడు. చేపలు వచ్చాయి. దొప్ప చుట్టూ తిరిగాయి. లోపలికి చూసి వెళ్లిపోయాయి. అంగట్లో బేరం కుదరనివాళ్లలా వెళ్లిపోయాయి.

"చేపలు మస్తుగున్నయి గద మామా," అన్నాడు సుక్రాం. "ఒకదాన్ని చేత్తోనే పట్టి ఏస్తే ఏమైతది?"

"నీ చేతికొచ్చేది కూర. కోస కాదు," అన్నాడు మంగల్.

మంగల్ కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తల ఒక పక్కకి వాల్చి, దూరంగా ఎవరో చెబుతున్నది వింటున్నట్టు ఉన్నాడు. కళ్లు తెరిచాక అతని మొహంలో భయం కంటే విసుగే ఎక్కువ కనిపించింది.

"వాడింక డ్యూటీల ఉన్నడు," అన్నాడు.

"ఏంది మామా?" అంది పొజ్జే.

"డ్యూటీ. గడీల. కొలువు దిగుమని ఎవ్వరు జెప్పలె వానికి. జెప్పకుంట ఎట్ల దిగుతడు? నీ అయ్య సంగతి నీకు ఎరుక లేదా?"

సుక్రాం బీజాపూర్లో జిల్లా ఆఫీసులు చూసినవాడు. "మరి రిటైర్‌మెంట్ చెయ్యాల్నంటవ్," అన్నాడు గంభీరంగా. మంగల్ గంభీరంగానే తలూపాడు.

పొజ్జే లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, గడీ వైపు చూసింది. ఆమె ఆ గుమ్మం తొక్కి చాలా ఏళ్లయింది. ఆశ్రమ పాఠశాలలో చదివే రోజుల్లో ఒక సెలవుకి వచ్చి, తండ్రికి అన్నం తీసుకుని గడీకి వెళ్లింది. అప్పటికి మాటలు పూర్తిగా రాని దొరబిడ్డ ఒకడు, పాలబుగ్గలవాడు, నేల మీద కూర్చుని "ఒలేయ్ కోచా" అని పిలిచాడు. తల నెరుస్తున్న కోస పరుగెత్తుకుంటూ వెళ్లాడు. హాలంతా నవ్వింది. కోస కూడా నవ్వాడు. ఆ రాత్రి ఆమె తండ్రితో, "ఒరేయ్ అంటే పలకకే అయ్యా" అంది. "పలక్కుంటే దీపం ఎవ్వరు పెడ్తరే?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, మద్దేడ్ అంగట్లో మిరపకాయలు అమ్మి, తూకంలో మోసం చేసే సేట్లని నలుగురిలో నిలబెట్టి కడిగి మంచి పేరు తెచ్చుకుంది. గడీకి మాత్రం పోలేదు. తన ఎదుట తండ్రిని ఎవరైనా ఒరేయ్ అంటే ఊరుకోనని ఊరికంతా తెలుసు. అందరూ జాగ్రత్తగా ఉండేవారు. గడీలోవాళ్లకి ఆ సంగతి తెలియలేదు, ఆమె అక్కడికి వెళ్లదు కాబట్టి.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం వెళ్లింది.

గడీ పెరట్లో వంటమనిషి అప్పలకొండమ్మ బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుంది. ఎప్పుడో మొగుడితో పాటు గనుల ఊరికి వచ్చి, మొగుడు పోయాక గడీలో చేరింది. ఇంట్లో నీడ ఉండగా ఎండలో కూర్చున్న మనిషిని చూసి పొజ్జే ఆగింది.

"కోస కూతురివా?" అంది అప్పలకొండమ్మ. "ఒచ్చీసినావా. ఎప్పుడొస్తావా అని సూస్తన్నాను. మీ నాయన్ని తీసుకుపోమ్మా తల్లీ, నీకు పుణ్యముంటాది. నాను లోపల కూకోనేకపోతన్నాను."

"ఏం జేస్తుండు?"

"ఏటి సేస్తాడు? పనే. బతికున్నప్పుడు మజ్జానం ఒకపాలి తుడిసేవోడు. ఇప్పుడు సందేళ కూడా తుడుస్తన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "నాను బయపడే మనిసిని కాదమ్మా. దెయ్యాన్నయితే తిట్టి పంపించీసుందును. ఈడు దెయ్యంలాగ లేడు. ఉజ్జోగస్తుడిలాగున్నాడు. ఏటని తిట్టను?"

హాల్లో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. బయటి వెలుగు గుమ్మం దాకా వచ్చి, అనుమతి లేనట్టు అక్కడే నిలబడింది. నేల మీద చెక్కపెట్టెలు, వరిగడ్డి, పాత వార్తాపత్రికలు. గోడలకి వెండి చేతులు. చూసేవాళ్లు లేకపోయినా తళతళలాడుతున్నాయి. కోస పోయాక వానాకాలం మొత్తం గడిచింది. ఆ తడిలో వెండి నల్లబడి ఉండాలి.

పొజ్జేకి మైనం వాసన వేసింది. ఇంట్లో తండ్రి గుడ్డల్లో ఉండే వాసన.

అన్నిటికంటే దగ్గరున్న పలక మీద ఒక మసక పుట్టింది. చలికాలం అద్దం మీద ఊపిరి తగిలినట్టు, నడుమ చిన్నగా మొదలై, అరచేయంత అయింది. ఒక క్షణం ఆగింది. తర్వాత ఒక అంచు నుంచి, గుండ్రంగా, ఓపికగా తుడుచుకుపోయింది. పలక మెరిసింది. ఆ పలకలో పొజ్జే మొహం కనిపించింది. ఆమె భుజం పక్కన ఇంకేమీ కనిపించలేదు. కనిపించి ఉంటే కొంత నయంగా ఉండేది.

తర్వాతి పలక మీద మసక మొదలైంది.

"అయ్యా," అంది పొజ్జే. మసక ఆగలేదు. పనిలో ఉన్నప్పుడు కోస ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు.

"ఎవరు? ఓ, పొజ్జేగారా. రండి, రండి."

లోపలి గదిలోంచి వచ్చినవాడు ఉమామహేశ్, ఇప్పటి దొర. దొర అంటే ఒప్పుకోడు. జగదల్‌పూర్లో హోటలు నడుపుతాడు. మనుషులందరూ సమానమని అక్కడి సభల్లో ఉపన్యాసాలు ఇస్తాడు, ఇచ్చినదాన్ని పాటిస్తాడు కూడా. అందర్నీ గారు అంటాడు. డ్రైవరుగారు, పాలవాడుగారు. వాళ్లింటి కుక్కని కూడా రండి అనడమే తప్ప రా అనడని హోటల్లో పనివాళ్లు చెప్పుకుంటారు. పాలబుగ్గలతో నేల మీద కూర్చుని "ఒలేయ్" అన్నది తనేనని అతనికి గుర్తులేదు. పొజ్జేకి గుర్తుంది.

"ఇవి యాడికి పోతున్నయి?" అంది ఆమె పెట్టెలు చూపిస్తూ.

"హైదరాబాద్. పాత సామాన్లు కొనే ఒకాయన రేపు పొద్దున్నే బండి తెస్తున్నారు. గడీని అతిథి గృహం చేద్దామని నా ప్లాన్. అడవి చూడ్డానికి వచ్చేవాళ్లకి చరిత్ర కావాలండీ, కాని చరిత్ర కంటే ముందు బాత్రూములు కావాలి. ఈ వెండి పోతే అవి వస్తాయి."

"మా అయ్య కూడ పోతడు వీటెనక."

ఉమామహేశ్ నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే అతని మొహం ఎదురుగా ఉన్న పలక మసకబారింది, గుండ్రంగా తుడుచుకుంది. అతను నవ్వు మానేశాడు. దాన్ని అంతకుముందు చూడనట్టు నటించాడు, బాగా చదువుకున్నవాడు కాబట్టి. "తేమ," అన్నాడు. "వానాకాలం తేమ."

పొజ్జే ఇంటికి పరుగెత్తింది. ఒక్కటే లెక్క ఆమె బుర్రలో: రేపు పొద్దున బండి వస్తే, అయ్య వరిగడ్డిలో చుట్టుకుని హైదరాబాదు పోతాడు. ఎవరి గోడనో, ముక్కూమొహం తెలియని ఎవరింట్లోనో, తుడుస్తూ ఉండిపోతాడు. అంత దూరం వెళ్లి పిలవడానికి అక్కడ వాగు కూడా ఉంటుందో ఉండదో.

పొద్దు వాలుతుండగా మంగల్‌నీ సుక్రాంనీ తీసుకుని తిరిగి వచ్చింది. మంగల్ హాల్లో అడుగు పెట్టగానే తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు, తర్వాత తనమీద తనకే కోపం వచ్చినట్టు మళ్లీ చుట్టుకున్నాడు. గోడ పక్కన ఆకుదొప్ప పెట్టాడు. చేయవలసింది ఉమామహేశ్‌కి చెప్పాడు. "బాబూ, నువ్వు దొరవి. నీ నోటితోని వానికి సెలవియ్యి. ఇంటికి పొమ్మను. అంతే."

"చెబుతానండీ, దాందేముంది," అన్నాడు ఉమామహేశ్. అతనికి కొంచెం సిగ్గుగా ఉంది, కొంచెం ముచ్చటగా కూడా ఉంది. చేతిలో ఫోను జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, గోడల వైపు తిరిగి వీడ్కోలు సభలో మాట్లాడినట్టు మాట్లాడాడు. "కోసగారూ, మీరు మా కుటుంబానికి చేసిన సేవ మరువలేనిది. మీకు మేమంతా రుణపడి ఉన్నాం. ఇకమీదట మీరు విశ్రాంతి తీసుకోవాలని కోరుతున్నాను. దయచేసి ఇంటికి వెళ్లండి."

బాగా చెప్పాడు. సుక్రాం చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

పలక మీద మసక పుట్టింది. తుడుచుకుపోయింది. తర్వాతి పలక.

ఉమామహేశ్ ఇంకోసారి చెప్పాడు. ఈసారి నమస్కారం కూడా పెట్టాడు. మసక, తుడుపు. మసక, తుడుపు. చేసే పనిలో తేడా లేదు. దొప్పలోకి చీమ కూడా రాలేదు.

"వింటలేడు," అన్నాడు సుక్రాం.

"వింటున్నడు," అన్నాడు మంగల్. "వానికి ఇనికిడి మంచిగనే ఉండె." అతనికీ అంతుపట్టలేదు.

అంతుపట్టింది పొజ్జేకి. కోసగారు ఎవరో వచ్చారు కాబోలు, దొర ఆయనతో మాట్లాడుతున్నాడు, మనం మన పని చూసుకుందాం అని తండ్రి అనుకుంటున్నాడు. పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు చెవి ఒగ్గకూడదని అతనికి తెలుసు. ఈ గోడల మధ్య అతన్ని బతికుండగా ఎవరూ గారు అనలేదు. ఆ పేరుతో పిలిస్తే పలకవలసింది తనేనని చచ్చాక మాత్రం ఎలా తెలుస్తుంది?

బయట కొంగలు వాగు మీదుగా పోతున్నాయి. హాల్లో వెలుగు తగ్గుతోంది. వెండి చేతులు మాత్రం తగ్గకుండా, ఎవరో లోపలి నుంచి తోస్తున్నట్టు, గోడ నుంచి ఇంకొంచెం బయటికి వచ్చినట్టు ఉన్నాయి.

"దొరా," అంది. ఆ మాట ఆమె నోట ఊళ్లోవాళ్లెవరూ వినలేదు. "అట్ల కాదు. మీ తాత పిలిచినట్టు పిలువుండ్రి."

"అంటే?"

"ఎరుకలేదా? మీకు మాటలొచ్చినప్పుడు ముందుగాల వచ్చిన మాట అది."

ఉమామహేశ్ మొహం ఎర్రబడింది. "నేను అనలేనండీ. నేను ఎవర్నీ అలా అనను. అందులోనూ పోయిన మనిషిని."

"నేను గూడ అననియ్యను ఎవ్వర్ని," అంది పొజ్జే. "అన్నోని పళ్లు రాలగొట్టెదాన్ని. గియ్యాల నేనే అడుగుతున్న. అనుండ్రి."

సుక్రాం పెళ్లాం వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆమెని ఆ స్థితిలో చూడడం మర్యాద కాదనిపించింది.

ఉమామహేశ్ పెదవులు తడుపుకున్నాడు. మొదట "ఒరే" దగ్గర ఆగిపోయాడు. రెండోసారి ఆ మాట వచ్చింది. వచ్చిన గొంతు అతనిది కాదు. మంగల్ ఆ గొంతుని ఎరుగును, అది ఉమామహేశ్ తాతది. తన చిన్నతనంలో దాన్ని విని చెట్ల వెనక దాక్కున్నవాడు. లావుగా, తాపీగా, ఎదురుచెప్పేవాళ్లు ఉంటారన్న ఊహే లేని గొంతు.

"ఒరేయ్ కోసా."

పలక మీద సగం పుట్టిన మసక, తుడుచుకోకుండా, ఆగిపోయింది.

పొజ్జే కళ్లు మూసుకుంది. తండ్రి తల తిప్పడం, చేతిలో గుడ్డ భుజాన వేసుకోవడం, పరుగున రావడం ఆమెకి కనిపించక్కర్లేదు. అరికాళ్ల కింద నేల అదిరింది, తేలికపాటి మనిషి పరుగెత్తినట్టు.

"ఇంక చాల్లేరా. చెయ్యి దించు. ఇంటికి పో."

హాలంతా ఒక నిట్టూర్పు. గాలి కాదు, గుమ్మానికి కట్టిన తెర కదల్లేదు. ఒక్కసారిగా వెండి చేతులన్నీ నల్లబడ్డాయి. ఒక వానాకాలం నలుపు, ఆగి ఉన్నదంతా, ఒకేసారి వచ్చి కూర్చుంది. మూలనున్న చేతి పిడికిట్లో, కొవ్వొత్తి గిన్నెలోంచి, చిన్న సాలీడు ఒకటి బయటికొచ్చింది. మణికట్టు మీదుగా దిగి, గోడ దిగి, తడబడకుండా వచ్చి ఆకుదొప్ప ఎక్కింది. కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

మంగల్ ఆకు మూశాడు. పొజ్జే దాన్ని రెండు చేతులా అందుకుంది. బరువేమీ లేదు. అసలు బరువులేనిదాన్ని మొయ్యడం అంత కష్టమని ఆమెకి తెలియదు.

"అయిపోయింది బాబూ," అన్నాడు మంగల్. "మేం పోతం."

ఉమామహేశ్ కదల్లేదు. అతను తన నాలుకని లోపల్లోపల రుచి చూస్తున్నట్టు ఉన్నాడు. నిలబడిన తీరు మారింది; బరువంతా మడమల మీదికి పోయింది, పొట్ట ముందుకొచ్చింది. అతని చూపు నేల మీది గడ్డి మీద పడింది.

"ఒరేయ్ సుక్రాం," అన్నాడు. "ఈ గడ్డి తియ్యి."

కోపంగా అనలేదు. అదే భయం. ఇంకా భయం ఏమిటంటే, సుక్రాం వంగాడు. బీజాపూర్ ఆఫీసుల్లో బల్ల గుద్ది మాట్లాడే సుక్రాం, ఏ దొర కిందా ఒక్క రోజు పనిచెయ్యని సుక్రాం, వంగి గడ్డి పిడికిట్లోకి తీసుకున్నాడు. తీసుకున్నాక తన చేతి వైపు చూశాడు. అది ఎవరి చెయ్యో అతనికి అర్థంకానట్టు ఉంది.

"పారెయ్యి," అంది పొజ్జే మెల్లిగా.

అతను పారేశాడు. ముగ్గురూ గుమ్మం దాటారు. పెరట్లో అప్పలకొండమ్మ లేచి నిలబడి, వాళ్లు మోస్తున్న ఆకుకి దండం పెట్టింది. అప్పుడే కరెంటు పోయింది. వెనక హాల్లోంచి ఆ గొంతు, చీకటిని కూడా పనివాళ్లలో ఒకరిగా లెక్కకట్టే గొంతు, వినిపించింది.

"ఒరేయ్ కోసా. దీపం."

ఆకు లోపల కాళ్లు కదిలాయి. పొజ్జే అరచేతుల్లో గీరుతున్నాయి, వెనక వైపుకి. ఆమె ఆగింది. తెచ్చుకునే మనిషి దారిలో మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు. మంగల్ పక్క నుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

పొజ్జే వెనక్కి తిరిగింది.

"కోస లేడు," అంది, మద్దేడ్ అంగట్లో సేట్లని పిలిచే గొంతుతో. "చేతులున్నయి గద నీకు. నువ్వే ఎలిగించుకో."

అరచేతుల్లో గీరుడు కాసేపు సాగి, ఆగిపోయింది. మంగల్ ఆచారానికి జరిగిన అపచారం గురించి వాగు దాకా గొణుగుతూ వచ్చాడు. వాగు దగ్గర ఆగి, అలాంటి మాట తనకీ ఒకప్పుడు గుర్తొచ్చి ఉంటే బాగుండేదన్నాడు.

మర్నాడు హైదరాబాదు బండి ఖాళీగా తిరిగిపోయింది. ఉమామహేశ్ వెండి చేతులు అమ్మనన్నాడు. హోటలు మేనేజరుకి అప్పగించి గడీలోనే ఉంటున్నాడు. గారు అనడం అతనికి ఇప్పుడు నోరు తిరగడం లేదని చూసినవాళ్లు చెబుతారు. అప్పలకొండమ్మ మూట కట్టుకుని బస్సెక్కడానికి పోతూ పొజ్జే ఇంటి ముందు ఆగి, "పాతోణ్ణి నువ్వు తీసుకెళ్లిపోనావు, ఇంకా పాతోడు దిగబడ్డాడు" అని ఫిర్యాదు చేసి వెళ్లింది. సందెవేళ ఆ హాల్లో ఒక మనిషి చీకట్లో కూర్చుని ఎవర్నో పిలుస్తుంటాడు. ఊళ్లో ఒక్కరూ పలకరు. కాని ఆ పిలుపు విన్నప్పుడల్లా ఒక్కొక్కరి కుడిచెయ్యి కొద్దిగా లేస్తుందట. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంటారు.

ఇవన్నీ తర్వాతి మాటలు. ఆ సాయంత్రం పొజ్జే ఇంటికి వచ్చి, లోపలి గదిలో పెద్దల కుండ మూత తీసి, ఆకు విప్పింది. సాలీడు అంచు మీద కాసేపు నిలబడింది. కొత్తచోట మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడింది.

"మనిల్లే అయ్యా," అంది ఆమె. "పో లోపలికి. మా అమ్మ ఉంది. మీ అయ్య ఉన్నడు."

అది లోపలికి దిగింది. ఆమె మూత పెట్టి, దాని ముందు అన్నం పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది. బయట పూర్తిగా చీకటిపడింది. కరెంటు ఇంకా రాలేదు. సుక్రాం తడుముకుంటూ వచ్చి, అగ్గిపెట్టె తీసి, దీపపు బుడ్డి కోసం వెతికాడు.

ఆమె చెయ్యి చాపి అగ్గిపెట్టె లాక్కుంది.

"ఏందే, కూడు తినొద్దా?"

"తిను. నోరు కానరాకుంటే చెప్పు, పెడ్త," అంది పొజ్జే గొంతు తగ్గించి. "దీపం జూస్తే మళ్ల లేస్తడు. పండుకోనీ."

ఆ ఇంట్లో ఆ పూట అన్నం చీకట్లోనే తిన్నారు. ముల్లు గుచ్చుకుంటుందని చేప ముట్టలేదు.